1950ల నాటి ఇంటికి కిటికీలు మార్చేటప్పుడు చట్రం మందం చూడండి
అమెరికాలో 1950లలో కట్టిన ఇంటిని కొని బాగుచేయించుకుంటున్నవారు కిటికీల ధర కంటే ముందు చట్రం మందాన్ని చూడడం మంచిది. ఆనాటి ఇళ్ల అందమంతా సన్నని చట్రాల మధ్య పరుచుకున్న వెడల్పాటి అద్దంలోనే ఉంటుంది కాబట్టి, పాత చట్రాన్ని అలాగే ఉంచి అందులో వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) కిటికీని బిగిస్తే నాలుగు వైపులా అద్దం తగ్గిపోయి, గోడకు లావుపాటి కళ్లజోడు తగిలించినట్లు కనిపిస్తుంది. ఖర్చు పెరిగినా పాత చట్రాన్ని పూర్తిగా తీయించి ఫైబర్‌గ్లాస్‌ది పెట్టించడమే మేలని నా అభిప్రాయం. దుకాణంలో నమూనా ముందు నిలబడి, గోడ అంచు నుంచి అద్దం మొదలయ్యే చోటు వరకు టేపుతో కొలవండి. కేటలాగు బొమ్మలో అంగుళం తేడా తెలియదు.

కొత్త కిటికీ లేబుల్‌పై యూ-ఫ్యాక్టర్ అనే సంఖ్య ఎంత తక్కువగా ఉంటే చలికాలంలో ఇంటి వేడి అంత తక్కువగా బయటికి పోతుంది. టెక్సాస్ వంటి చోట్ల, ముఖ్యంగా పడమటి గోడకు, ఎండ వేడి ఎంత లోనికి వస్తుందో చెప్పే ఎస్‌హెచ్‌జీసీ సంఖ్య కూడా తక్కువగా ఉండాలి.

1978కి ముందు కట్టిన ఇళ్లకు వేసిన రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కనుక, పాత కిటికీలు పీకే పనిని ఆ విషయంలో ధ్రువీకరణ ఉన్న కాంట్రాక్టరుకే అప్పగించండి.