డెల్టా తేమలో క్రిస్మస్ పిండివంటలు: ఏది ముందు, ఏది చివర

డిసెంబరు మొదటి వారం దాటేసరికి గోదావరి డెల్టాలో రెండు పనులు ఒకేసారి మీదపడతాయి. ఒకవైపు సార్వా మాసూళ్లు, అంటే ఖరీఫ్ వరి కోతలు, నూర్పిళ్లు సాగుతుంటాయి. మరోవైపు ఇంటిముందు స్టారు కట్టాలి, పండుగకు ముందు జరిగే సెమీ క్రిస్మస్ వేడుకలకు వెళ్లి రావాలి, రాత్రి పదకొండింటికి డప్పులు వాయించుకుంటూ వాకిట్లోకి వచ్చే క్యారల్స్ బృందానికి టీతోపాటు ఏదో ఒకటి పళ్లెంలో పెట్టాలి. పిండివంటలన్నీ 23, 24 తేదీలకు వాయిదా వేసుకున్నవారు పండుగనాటి ఆరాధనలో కూర్చుని కునికిపాట్లు పడతారు. అన్నీ పదిహేను రోజుల ముందే వండేసినవారికి ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. కాలువలు, చేపల చెరువులు, తెల్లవారుజామున కురిసే పొగమంచు, సముద్రం వైపు నుంచి వీచే గాలి అన్నీ కలిసి, మూత సరిగా పెట్టని డబ్బాలోని జంతికలను రెండు రోజుల్లో మెత్తబరుస్తాయి. అందువల్ల మన ప్రాంతంలో క్రిస్మస్ వంటలకు కొలత ఎంత ముఖ్యమో వరుస కూడా అంతే ముఖ్యం. తేమకు తట్టుకునేవి ముందు చేయాలి, కరకరలాడవలసినవి ఆ తర్వాత చేయాలి, పచ్చికొబ్బరి పడినవి అన్నిటికన్నా చివర చేయాలి.

ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు 1836 తర్వాతి కాలంలో నరసాపురం కేంద్రంగా పనిచేశారు కాబట్టి, ఇక్కడి క్రిస్మస్‌కు చాలా తరాల వయసుంది. అయినా మన ఇళ్లలో పండుగ పళ్లెం తయారయ్యేది మాత్రం అరిసెలు, సున్నుండలు, జంతికలు, గులాబీ పువ్వులతోనే. కేకు వాటి పక్కన వచ్చి చేరింది తప్ప వాటి చోటు తీసుకోలేదు.

మొదట సున్నుండలు, అంటే 12వ తేదీ ప్రాంతంలో. పొట్టు మినుములను సన్నని సెగమీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక మరపట్టించి, రెండు గ్లాసుల పిండికి ఒకటిన్నర గ్లాసు బెల్లం తురుము కలిపి, కాచిన నెయ్యి పోస్తూ ఉండలు కట్టాలి. నీరు తగలదు కాబట్టి ఇవి నెలరోజులు నిలుస్తాయి. ఇందులో జాగ్రత్తపడవలసినది వేపు ఒక్కటే. తొందరపడి సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, ఆ పచ్చివాసన ఎంత నెయ్యి పోసినా పోదు.

తర్వాత అరిసెలు. వీటికి 15, 16 తేదీలు అనుకూలం. పండుగ అరిసెలకు కొత్త బియ్యమే ఉండాలని కొందరు పట్టుబడతారు గానీ, అప్పుడే మాసూలైన ధాన్యం బియ్యంతో చేసిన చలిమిడి జిగురెక్కి నూనెలో పరుచుకుపోవడం నేను రెండు మూడేళ్లు చూశాను. అప్పటినుంచి కిందటేడాది స్వర్ణ బియ్యమే వాడుతున్నాను. మార్టేరు వరి పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన ఈ రకం (ఎంటీయూ 7029) డెల్టాలో ఏ ఇంటి గాదెలోనైనా దొరికేది కాబట్టి వేరే వెతకనక్కరలేదు. కిలో బియ్యాన్ని ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి. వాడ్చిన బియ్యాన్ని గుడ్డమీద పలుచగా పోసి, చేత్తో పట్టుకుంటే తడి తెలిసేలా, అయితే అరచేతికి నీరంటకుండా ఉన్నప్పుడు మరకు పంపాలి. మర నుంచి వచ్చిన పిండిని గిన్నెలో అదిమి, పైన తడిగుడ్డ కప్పి ఉంచాలి. ఇక్కడ మాత్రం తేమ మనకు శత్రువు కాదు. పిండి ఆరిపోయిందంటే అరిసె గట్టిపడినట్టే.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం సరిపోతుంది. చితక్కొట్టిన బెల్లాన్ని గ్లాసుడు నీళ్లలో కరిగించి, వడగట్టి, మళ్లీ పొయ్యిమీద పెట్టాలి. నురగ పైకి లేచి, బుడగలు చిక్కబడుతున్నప్పుడు పక్కనే ఒక పళ్లెంలో చల్లని నీళ్లు పెట్టుకుని అందులో రెండు చుక్కల పాకం వేసి చూడాలి. కరిగిపోతే ఇంకా రాలేదు. వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తని ఉండగా వచ్చి, ఆ ఉండను పళ్లెం అంచుకు వేసి కొట్టినప్పుడు అతుక్కుపోకుండా, టంగుమని మోగకుండా ఉంటే అదే అరిసె పాకం. మోగిందంటే ముదిరింది. వెంటనే గిన్నె దింపి, నువ్వులు, యాలకుల పొడి, రెండు చెంచాల నెయ్యి వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో కలుపుతూ ఉండాలి. ఇది ఒంటిచేతి పని కాదు. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విరిగి చెదిరిపోతుంది, ముదిరితే పళ్లకు పరీక్ష పెడుతుంది. లేతదైతే మరికాస్త పిండి కలపవచ్చు, ముదిరినదైతే గోరువెచ్చని పాలు చిలకరించి మర్దించవచ్చు. ఒక అరిసె వేయించి చూశాకే మిగిలినవి తట్టడం మొదలుపెట్టాలి. నూనెలోంచి తీసిన ప్రతి అరిసెనూ చెక్కల మధ్య గట్టిగా నొక్కి నూనె వార్చాలి. ఈ పనిలో బద్ధకిస్తే వారం తిరిగేసరికి డబ్బా అడుగున నూనె మడుగు కడుతుంది. అరిసెలు తట్టే ఓపిక లేనివారు అదే చలిమిడిలో నేతిలో వేపిన కొబ్బరి ముక్కలు కలిపి, చిన్న ఉండలు చేసి సన్నని సెగమీద వేయిస్తే పోకుండలవుతాయి. నిజం చెప్పాలంటే మా ఇంట్లో పిల్లలు ముందు ఖాళీ చేసేవి అవే.

కేకును 18వ తేదీ దరిదాపుల్లో చేసుకుంటే పండుగనాటికి రుచి కుదురుకుంటుంది. వారం ముందే ఎండుద్రాక్ష, ఖర్జూరం ముక్కలు, టూటీ ఫ్రూటీ, కోనసీమ మోరి నుంచి వచ్చే జీడిపప్పు పలుకులు కలిపి రెండు గుప్పెళ్లు తీసుకుని, మునిగేంత బత్తాయి రసం పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. కేకు చేసేరోజు ఆ రసాన్ని వార్చేసి, ముక్కలకు చెంచాడు మైదా పట్టిస్తే అవి అడుగుకు దిగిపోవు. పావుకిలో వెన్నను పావుకిలో పంచదార పొడితో తెల్లగా నురగలా వచ్చేవరకు గిలకొట్టాలి. తర్వాత నాలుగు గుడ్లను ఒక్కొక్కటిగా కలపాలి. పావుకిలో మైదాలో ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు వేసి మూడుసార్లు జల్లించి, గుడ్ల మిశ్రమంలో ఒకే వైపు తిప్పుతూ కలపాలి. నల్లని రంగు కావాలంటే నాలుగు చెంచాల పంచదారను బాణలిలో ఎర్రగా కరిగించి, దూరంగా నిలబడి పావు గ్లాసు వేడినీళ్లు పోసి, చల్లార్చి కలపాలి. నీళ్లు పోయగానే అది పైకి చిమ్ముతుంది కాబట్టి పిల్లలను దగ్గరకు రానీయకూడదు.

ఓవెన్ లేని ఇళ్లలో పెద్ద సిల్వర్ గిన్నెలో అంగుళం మందాన ఇసుక పోసి కేకు కాల్చడం మనకు పాత అలవాటే. గోదావరి ఇసుక ఎంత శుభ్రంగా కనిపించినా కడిగి, ఎండబెట్టి, ఒకసారి వేపి వాడాలి. ఇసుకమీద స్టాండు ఉంచి, మూతపెట్టి, పది నిమిషాలు వేడెక్కాక, నెయ్యి రాసి మైదా చల్లిన గిన్నెలో మూడొంతుల వరకే పిండి పోసి లోపల పెట్టాలి. సన్నని సెగమీద సుమారు గంట పడుతుంది. ఈ గంటలో నేర్చుకోవలసిన విద్య ఒక్కటే, మూత తీయకుండా ఉండటం. మొదటిసారి చేసిన ఏడాది ఇరవై నిమిషాలకొకసారి మూతెత్తి చూసి మురిసిపోయాను, చివరకు కేకు మధ్యలో గుంటపడి చెరువులా తయారైంది. ఆ గుంటలో జామ్ నింపి అలంకరణ అని చెప్పుకున్నాము. నలభై అయిదు నిమిషాలు దాటాక మాత్రమే సన్నని పుల్ల గుచ్చి చూడాలి. పుల్లకు పిండి అంటకపోతే దించి, పూర్తిగా చల్లారిన తర్వాతనే బోర్లించాలి.

జంతికలు, గులాబీ పువ్వులు 20, 21 తేదీలకు ఉంచుకోవాలి. జంతికలకు నాలుగు గ్లాసుల బియ్యప్పిండి, ఒక గ్లాసు పుట్నాల పొడి, పావు గ్లాసు వెన్న, వాము, నువ్వులు, ఉప్పు, కారం చాలు. పిండిని ఒకేసారి తడిపి పెట్టుకుంటే చివరి వాయలు నూనె పీల్చి ఎర్రబడతాయి కాబట్టి రెండు మూడు విడతలుగా కలుపుకోవాలి. నూనెలో చిటపటలు, బుడగలు పూర్తిగా ఆగాకనే తీయాలి. లోపల తేమ మిగిలితే అది డబ్బాలో మిగిలినవాటినీ పాడుచేస్తుంది.

గులాబీ పువ్వుల విషయంలో కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఒకసారి ప్రయత్నించి అచ్చును అటకెక్కించేస్తారు. కేరళలో అచ్చప్పం అని పిలిచే ఈ వంటకు ఒక గ్లాసు బియ్యప్పిండి, అర గ్లాసు మైదా, అర గ్లాసుకు కొంచెం తక్కువగా పంచదార, ఒక గుడ్డు, గ్లాసుడు చిక్కని కొబ్బరిపాలు, చిటికెడు ఉప్పు, చెంచాడు నల్లనువ్వులు కావాలి. పిండి దోసెల పిండికన్నా కొద్దిగా పలుచగా, ముంచిన గరిటె వెనక పలుచని పొరలా నిలిచేలా ఉండాలి. కొత్త అచ్చయితే ముందురోజు గంజిలో నానబెట్టి, తుడిచి, రాత్రంతా నూనెలో ఉంచాలి. వేయించేటప్పుడు అచ్చును కాగుతున్న నూనెలోనే అయిదు నిమిషాలు ఉంచి, పైకి తీసి, నూనె ఒక్కసారి విదిలించి, పిండిలో ముంచాలి. పిండి తాకగానే సుయ్‌మన్న చప్పుడు రావాలి. అచ్చు ముప్పావు వంతు మాత్రమే మునగాలి, పై అంచు దాటి పిండి ఎక్కితే ఆ పువ్వు అచ్చును వదలదు. నూనెలో దించాక పది లెక్కపెట్టి మెల్లగా కదిపితే పువ్వు జారిపోతుంది, జారకపోతే చీపురుపుల్లతో అంచున తట్టాలి. మొదటి రెండు మూడు ఎవరికీ సరిగా రావు, అవి వండేవారి వాటా. ఆ తర్వాత కూడా పిండి అచ్చుకు పట్టకుండా జారిపోతుంటే అచ్చు మరీ కాగిందని గానీ అసలు కాగలేదని గానీ అర్థం, పువ్వు విడవకుండా పట్టుకుని ఉంటే పంచదార ఎక్కువైందని అర్థం. అప్పుడు రెండు చెంచాల బియ్యప్పిండి కలిపితే దారికి వస్తుంది. వేడిమీద మెత్తగా అనిపించినా చల్లారేసరికి కరకరలాడతాయి.

కజ్జికాయలు, గవ్వలు కూడా ఈ రోజుల్లోనే చేసుకోవచ్చు. కాజాలు మాత్రం ఇంట్లో చేయడం శ్రమ దండగ అని నా అభిప్రాయం. తాపేశ్వరం మడతకాజా, కాకినాడ గొట్టంకాజా దగ్గరలోనే దొరుకుతున్నప్పుడు వాటితో పోటీ ఎందుకు? పూతరేకులకు మధ్యేమార్గం ఉంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులను కుండమీద తీయడం ఆ ఊరి ఆడవారి చేతివాటానికే సాధ్యమైన పని గానీ, ఖాళీ రేకులు కొని తెచ్చుకుని ఇంట్లో చుట్టుకోవడం ఎవరికైనా సాధ్యమే. రేకును పిండిన తడిగుడ్డమీద క్షణంపాటు ఉంచి, మెత్తబడగానే కరిగిన నెయ్యి రాసి, పంచదార పొడిగానీ బెల్లం పొడిగానీ, సన్నగా తరిగిన బాదం, జీడిపప్పు చల్లి మడవాలి. ఎక్కువసేపు ఉంచితే రేకు ముద్దయిపోతుంది.

కొబ్బరి లౌజును 24 సాయంత్రం వరకు ముట్టుకోకూడదు. రెండు గ్లాసుల తురుముకు ఒక గ్లాసు బెల్లం వేసి, దగ్గరపడి గిన్నెను వదిలేదాకా కలియబెట్టి, నెయ్యి రాసిన పళ్లెంలో పరిచి ముక్కలు కోయాలి. మూడు రోజులకు మించి ఉంచకూడదు.

ఏ వంటనైనా పూర్తిగా చల్లారకముందు డబ్బాలో పెడితే మూతకు ఆవిరి పట్టి కింద పడుతుంది. నూనె పీల్చడానికి వార్తాపత్రికలు పరవడం చాలా ఇళ్లలో ఉంది గానీ, సిరాలోని రసాయనాలు ఆహారంలోకి దిగుతాయని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హెచ్చరించింది కాబట్టి ఉతికిన నూలుగుడ్డ వాడటం మేలు. ఇంటికి వాడే డబ్బా వేరు, పంచడానికి ఉంచే డబ్బా వేరుగా పెట్టుకోవాలి. రోజుకు పదిసార్లు మూత తీసే డబ్బాలో ఏదీ కరకరలాడుతూ నిలవదు. మెత్తబడిన జంతికలను మందపాటి బాణలిలో నూనె లేకుండా సన్నని సెగమీద నాలుగు నిమిషాలు వెచ్చబెట్టి చల్లారిస్తే మళ్లీ విరుగుతాయి. గులాబీలకు ఈ వైద్యం పనిచేయదు, పంచదార ఉన్నందువల్ల మాడిపోతాయి.

ఇరుగుపొరుగుకు పంచే పళ్లేలను 25 ఉదయం ఆరాధన ముగిసి ఇంటికి వచ్చాక సర్దుకోవడం మంచిది. కేకులోని తేమ పక్కనున్న జంతికలకు ఎక్కుతుంది కాబట్టి కేకు ముక్కలను బటర్ పేపరులో విడిగా చుట్టాలి. అడుగున అరిసెలు, ఒక పక్కగా సున్నుండలు, మరో పక్కన జంతికలు, అన్నిటికన్నా పైన గులాబీలు ఉంచితే ఏదీ నలగదు. లౌజు ముక్కలను ఆకులో పెట్టి, ఆ పూటే తినమని చెప్పి చేతికివ్వాలి. పక్కింటి పిన్నిగారు గిన్నె ఖాళీగా తిరిగివ్వడానికి ఇష్టపడక సంక్రాంతి దాకా అట్టేపెట్టుకుని, తమ అరిసెలు నింపి పంపుతారు. అందుకని పంచడానికి మనం రోజూ వాడుకునే గిన్నెలు తీయకుండా, మూడు వారాలు లేకపోయినా గడిచేవి చూసుకుని తీయాలి.