ల్యాబ్ సర్వర్‌లోని విండో ఇంటి తెరపైకి రాకపోతే: ఎక్స్11 ఫార్వర్డింగ్ సమస్యలు - పరిష్కారాలు

విజయవాడ, గుంటూరు పరిసరాల ఇంజనీరింగ్ కాలేజీల్లో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) ప్రాజెక్టు చేసే ఈసీఈ విద్యార్థికి డిజైన్ సాఫ్ట్‌వేర్ సాధారణంగా తన ల్యాప్‌టాప్‌లో ఉండదు. ల్యాబ్‌లోని లినక్స్ సర్వర్‌లో ఉంటుంది. పగలు ల్యాబ్‌లో చేసిన పనిని రాత్రి బ్రాడీపేటలోని గదిలోనో, కానూరులోని హాస్టల్‌లోనో కొనసాగించాలంటే కాలేజీ వీపీఎన్‌లోకి (బయటి నుంచి కాలేజీ నెట్‌వర్క్‌లో చేరే దారి) వెళ్లి, ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి గుప్తీకరించిన దారిలో వెళ్లే పద్ధతి) ద్వారా లాగిన్ అయి, సర్వర్‌లో నడిచే ప్రోగ్రాం విండోను తన తెరపైకి రప్పించుకోవాలి. దీనికి వాడే పద్ధతే ఎక్స్11 ఫార్వర్డింగ్. లాగిన్ చక్కగా జరిగి, కమాండ్లన్నీ పనిచేసి, విండో మాత్రం రాకపోవడం ఇందులో తరచుగా వచ్చే ఇబ్బంది. రివ్యూకు ముందు రోజు రాత్రి ఇది ఎదురైతే, ఆ కంగారులో ఎక్కడో కనిపించిన కమాండ్లన్నీ వరసగా కొట్టేస్తారు. దాంతో మొదట ఉన్న ఒక లోపానికి మరికొన్ని తోడవుతాయి. టెర్మినల్ చూపిన సందేశాన్ని పొల్లుపోకుండా చదివితే లోపం ఏ చివర ఉందో చాలావరకు తెలిసిపోతుంది కాబట్టి, ఇక్కడ ఆ సందేశాల వారీగానే వివరిస్తున్నాను. కమాండ్లను నోటితో చదివే తీరులో రాశాను. వాటిలో పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా ఉందని గమనించాలి.

విండో ఏ దారిలో వస్తుంది?

ఎక్స్ విండో సిస్టం 1984లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైంది. ఇప్పటికీ వాడుకలో ఉన్న 11వ వెర్షన్ 1987లో వచ్చింది. ఈ వ్యవస్థలో తెర, కీబోర్డు, మౌస్ ఉన్న యంత్రం మీద నడిచేది ఎక్స్ సర్వర్. విండో గీసి పెట్టమని దాన్ని అడిగే ప్రోగ్రాం క్లయింట్. కాలేజీలోని యంత్రం ఎస్‌ఎస్‌హెచ్ లెక్కలో సర్వరే అయినా, ఎక్స్ లెక్కలో సర్వర్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి. ఈ ఒక్క విషయం పట్టుబడితే సగం గందరగోళం తీరుతుంది, ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో ఎక్స్ సర్వర్ నడవకుండా అవతలి వైపు ఎన్ని సెట్టింగులు మార్చినా ఫలితం ఉండదు.

కాలేజీ సర్వర్‌లో లాగిన్లను అందుకునే ఎస్‌ఎస్‌హెచ్‌డీ అనే ప్రోగ్రాం, మీరు లాగిన్ అయినప్పుడు, తన లోపలే ఒక ఉత్తుత్తి తెరను తయారుచేసి, దాని చిరునామాను డిస్‌ప్లే అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రాంలు చదువుకునే సెట్టింగు) పెడుతుంది. ఆ చిరునామా సాధారణంగా 'లోకల్‌హోస్ట్:10.0' అని ఉంటుంది. లెక్క 10 నుంచి మొదలవుతుంది కాబట్టి, రెండో మనిషి లాగిన్ అయితే అతనికి 11 వస్తుంది. 6000కు ఆ సంఖ్యను కలిపితే పోర్టు నంబరు వస్తుంది, అంటే పదో తెరకు 6010. ఆ పోర్టుకు చేరిన ప్రతి అభ్యర్థననూ ఎస్‌ఎస్‌హెచ్ గుప్తీకరించి మీ ల్యాప్‌టాప్‌లోని ఎక్స్ సర్వర్‌కు అందజేస్తుంది.

లక్షణం: 'కాంట్ ఓపెన్ డిస్‌ప్లే'

మరేదీ ముట్టుకోకుండా, అవతలి యంత్రంలో ముందుగా 'ఎకో డాలర్ డిస్‌ప్లే' అని కొట్టి చూడండి.

ఏమీ రాకుండా ఖాళీ వరస వచ్చిందంటే ఫార్వర్డింగ్ అసలు మొదలు కాలేదని అర్థం. లాగిన్ కమాండులో హైఫన్ తరువాత పెద్ద ఎక్స్ ఇచ్చారో లేదో చూసుకోండి. చిన్న ఎక్స్ ఇస్తే ఎస్‌ఎస్‌హెచ్ ఫార్వర్డింగ్‌ను పూర్తిగా ఆపేస్తుంది, పైగా ఏ హెచ్చరికా చూపదు. క్యాప్స్ తేడా కళ్లకు కనిపించక గంటలు పోగొట్టుకునే సందర్భమిది. అక్షరం సరిగానే ఉంటే, దానితో పాటు చిన్న వీ కూడా చేర్చి మళ్లీ లాగిన్ అవ్వండి. వరసగా వచ్చే సమాచారంలో 'ఎక్స్11 ఫార్వర్డింగ్ రిక్వెస్టెడ్ బట్ డిస్‌ప్లే నాట్ సెట్' అనే వాక్యం కనిపిస్తే లోపం మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. దానికి బదులు 'రిక్వెస్టింగ్ ఎక్స్11 ఫార్వర్డింగ్ విత్ అథెంటికేషన్ స్పూఫింగ్' అని ఉంటే మీ వైపు నుంచి అభ్యర్థన వెళ్లింది, అవతల ఏం జరిగిందో చూడాలి.

ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉండి, దానితో వచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌నే వాడుతుంటే మొదటి వాక్యం రావడం సహజం. వీసీఎక్స్‌ఎస్‌ఆర్‌వీ వంటి ఎక్స్ సర్వర్‌ను ముందుగా నడిపించి, అదే కమాండ్ ప్రాంప్ట్‌లో 'సెట్ డిస్‌ప్లే=127.0.0.1:0.0' అని ఇచ్చి, ఆ తరువాత లాగిన్ అవ్వాలి. పుట్టీ అనే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం వాడేవారు కనెక్షన్ కింద ఎస్‌ఎస్‌హెచ్, దాని కింద ఎక్స్11 పేజీలో టిక్ పెట్టాలి. పుట్టీలో ఎక్స్ సర్వర్ ఉండదు కాబట్టి దాన్ని విడిగా పెట్టుకోవలసిందే. కొత్తగా నేర్చుకునే విద్యార్థులకు నేను మోబాఎక్స్‌టర్మ్‌నే సూచిస్తాను, ఎందుకంటే ఎక్స్ సర్వర్ అందులోనే కలిసి వస్తుంది. మ్యాక్‌లో 2012 తరువాతి సిస్టంలతో ఎక్స్11 రావడం లేదు. ఎక్స్‌క్వార్ట్జ్ అనే ఎక్స్ సర్వర్ పెట్టుకొని, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఉబుంటులో ఎక్స్‌కు బదులు వచ్చిన వేలాండ్ డెస్క్‌టాప్ ఉన్నా, ఎక్స్‌వేలాండ్ అనే ఎక్స్ సర్వర్ ఈ పని చూసుకుంటుంది, ఏమీ మార్చనక్కరలేదు.

విండోస్‌లో ఎక్స్ సర్వర్ మొదటిసారి నడిచినప్పుడు ఫైర్‌వాల్ అనుమతి అడుగుతుంది. హాస్టల్ వైఫై లాంటి పబ్లిక్ నెట్‌వర్క్‌కు అనుమతి ఇవ్వకండి. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వచ్చే విండో మీ యంత్రంలోంచే, అంటే 127.0.0.1 నుంచే, ఎక్స్ సర్వర్‌ను చేరుతుంది కాబట్టి బయటివారికి ఆ తలుపు తెరవాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు.

'ఎకో' కొట్టినప్పుడు 'లోకల్‌హోస్ట్:10.0' బదులు ':0' అనో, మీ ల్యాప్‌టాప్ ఐపీ చిరునామానో వస్తే, ఎవరో దాన్ని చేత్తో పెట్టారని అర్థం. చాలాసార్లు అది హోమ్ ఫోల్డర్‌లోని 'డాట్ బాష్‌ఆర్‌సీ' ఫైల్‌లో, సీనియర్ల దగ్గర నుంచి కాపీ చేసుకున్న ఒక ఎక్స్‌పోర్ట్ వరస రూపంలో ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీ పెట్టిన సరైన విలువ మీద ఇది తప్పుడు విలువను రుద్దుతుంది. ఆ వరసను తీసేసి మళ్లీ లాగిన్ అయితే చాలు. అవతలి యంత్రంలో డిస్‌ప్లేను చేత్తో పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. ఖాళీగా ఉందంటే దానికొక కారణం ఉంది, చేత్తో నింపితే ఆ కారణం కప్పబడిపోతుందే తప్ప విండో రాదు.

లక్షణం: 'ఎక్స్11 ఫార్వర్డింగ్ రిక్వెస్ట్ ఫెయిల్డ్ ఆన్ ఛానల్ 0'

లాగిన్ అయిన వెంటనే ఈ వాక్యం వస్తే మీరు అడిగారు, అవతలి యంత్రం కాదంది. ఇది విద్యార్థి చేతిలో లేదు, ల్యాబ్ అడ్మిన్ చూడవలసిన విషయం. కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది, ఎక్స్‌ఆథ్ అనే చిన్న ప్రోగ్రాం సర్వర్‌లో లేకపోవడం. తెర లేని సర్వర్‌కు గ్రాఫిక్స్ ప్యాకేజీలు ఎందుకని కనీస ఇన్‌స్టలేషన్ చేసినప్పుడు ఇది రాదు. ఉబుంటులో ప్యాకేజీ పేరు ఎక్స్‌ఆథే. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఎక్స్ఆర్గ్-ఎక్స్11-ఎక్స్‌ఆథ్. సర్వర్‌లో పూర్తి డెస్క్‌టాప్ పెట్టనక్కరలేదు. ఎక్స్‌ఆథ్, నడపదలచిన ప్రోగ్రాం, దానికి కావలసిన లైబ్రరీలు ఉంటే సరిపోతుంది.

రెండోది, ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ ఫైల్‌లో 'ఎక్స్11ఫార్వర్డింగ్ నో' అని ఉండడం. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ రూపకర్తలు పెట్టిన మూల విలువ 'నో'యే. చాలా లినక్స్ పంపిణీలు తమ ఫైల్‌లో దాన్ని 'యెస్'గా మార్చి ఇస్తాయి, భద్రత కోసం అడ్మిన్లు మళ్లీ 'నో' చేస్తారు. ఫైల్‌ను కంటితో చూసి సరిపెట్టుకోవడం మంచిది కాదు, ఎందుకంటే కింద ఎక్కడో ఒక మ్యాచ్ విభాగం విద్యార్థుల గ్రూపుకు మాత్రం దాన్ని ఆపేసి ఉండవచ్చు. రూట్‌గా, అంటే పూర్తి అధికారం ఉన్న యూజర్‌గా, 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ హైఫన్ పెద్ద టీ' అని నడిపితే నిజంగా అమల్లో ఉన్న విలువలు కనిపిస్తాయి. పెద్ద సీతో ఆ విద్యార్థి యూజర్ పేరు కూడా ఇస్తే మ్యాచ్ విభాగాల ప్రభావం సైతం తెలుస్తుంది. ఒక్క విద్యార్థికే సమస్య ఉంటే అతని లాగిన్ కీలు ఉండే ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో కీ ముందు 'నో-ఎక్స్11-ఫార్వర్డింగ్' లేదా 'రెస్ట్రిక్ట్' అని ఉందేమో కూడా చూడాలి.

మూడోది సర్వర్‌లో ఐపీవీ6ను (కొత్త తరహా ఐపీ చిరునామాల పద్ధతి) ఆపేసి ఉండడం. లాగ్ ఫైల్‌లో, అంటే ఉబుంటులో ఆథ్‌డాట్‌లాగ్‌లోనో, రెడ్‌హ్యాట్‌లో సెక్యూర్ ఫైల్‌లోనో, ఎక్స్11 డిస్‌ప్లే సాకెట్‌ను కేటాయించలేకపోయినట్టు 'ఫెయిల్డ్ టు అలొకేట్' అనే వరస ఉంటే కారణం ఇదే కావచ్చు. కాన్ఫిగ్ ఫైల్‌లో 'అడ్రస్‌ఫ్యామిలీ ఐనెట్' అని చేరిస్తే తీరుతుంది.

ఏ మార్పు చేసినా, సర్వీసును రీస్టార్ట్ చేసే ముందు 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ హైఫన్ చిన్న టీ'తో ఫైల్‌లో తప్పులు లేవని నిర్ధారించుకోండి. ఇప్పటికే తెరిచి ఉన్న సెషన్‌ను మూయకుండా, మరో టెర్మినల్‌లో కొత్తగా లాగిన్ అయి చూడండి. సర్వర్ విజయవాడలో, అడ్మిన్ గుంటూరులో ఉన్నప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి. లాగిన్ దారి మూసుకుపోతే ల్యాబ్ తలుపు తీయించేదాకా ఎవరూ ఏమీ చేయలేరు.

లక్షణం: 'కనెక్షన్ రిజెక్టెడ్ బికాజ్ ఆఫ్ రాంగ్ అథెంటికేషన్'

ఇక్కడ డిస్‌ప్లే విలువ సరిగానే ఉంటుంది, దారీ సిద్ధంగానే ఉంటుంది, గుర్తింపు మాత్రం కుదరదు. లాగిన్ సమయంలో ఎక్స్‌ఆథ్ 128 బిట్ల రహస్య సంఖ్యను మీ హోమ్ ఫోల్డర్‌లోని 'డాట్ ఎక్స్అథారిటీ' ఫైల్‌లో రాస్తుంది. ప్రోగ్రాం దాన్ని చదివి చూపించాలి. రాయలేకపోయినా, చదవలేకపోయినా అనుమతి దొరకదు.

రాయలేకపోవడానికి ల్యాబుల్లో మొదట అనుమానించవలసింది నిండిపోయిన డిస్క్ కోటాను. సిమ్యులేషన్ వేవ్‌ఫామ్ ఫైళ్లు చూస్తుండగానే గిగాబైట్లలోకి పెరుగుతాయి. హోమ్ ఫోల్డర్‌లో ఒక్క చిన్న ఫైల్‌కు కూడా చోటు లేకపోతే ఎక్స్‌ఆథ్ తన సంఖ్యను రాయలేదు. నిన్నటిదాకా పనిచేసి, ఎవరూ ఏమీ మార్చకుండానే ఈ రోజు ఆగిపోయిన సందర్భంలో 'కోటా హైఫన్ ఎస్', 'డీఎఫ్ హైఫన్ హెచ్' అనే రెండు కమాండ్లను ముందుగా చూడండి. పాత ఫలితాల ఫోల్డర్లను తీసేసి మళ్లీ లాగిన్ అయితే విండో వచ్చేస్తుంది.

లాగిన్‌లో 'టైమౌట్ ఇన్ లాకింగ్ అథారిటీ ఫైల్' అని వస్తే, మధ్యలో తెగిపోయిన పాత లాగిన్ తాళం ఫైళ్లను వదిలేసి ఉండవచ్చు. హైఫన్ సీ, హైఫన్ ఎల్ అనే తోకలతో అవి డాట్ ఎక్స్అథారిటీ పక్కనే ఉంటాయి. 'ఎక్స్‌ఆథ్ హైఫన్ బీ' ఆ తాళాలను తొలగిస్తుంది. ఫైల్ యజమానిగా రూట్ పేరు కనిపిస్తే అడ్మిన్ చేత మార్పించుకోవాలి.

సుడోతో, అంటే రూట్ అధికారంతో, నడిపిన ప్రోగ్రాంకు మాత్రమే ఈ సందేశం వస్తుంటే, అది రూట్ హోమ్ ఫోల్డర్‌లో వెతుకుతోందన్న మాట. సుడోకు ముందు ఎక్స్అథారిటీ వేరియబుల్‌కు మీ ఫైల్ పూర్తి దారిని ఇచ్చి ఎక్స్‌పోర్ట్ చేస్తే సాధారణంగా సరిపోతుంది. ఇలాంటప్పుడు 'ఎక్స్‌హోస్ట్ ప్లస్' కొట్టమని సలహా ఇచ్చేవారు ఉంటారు. దయచేసి వినకండి. అది మీ ఎక్స్ సర్వర్ కాపలాను పూర్తిగా ఎత్తేస్తుంది. దాన్ని చేరగలిగిన ఎవరైనా మీరు కొట్టే పాస్‌వర్డులతో సహా ప్రతి మీటనూ చదవగలుగుతారు.

లక్షణం: కాసేపు పనిచేసి, తరువాత కొత్త విండోలు తెరుచుకోకపోవడం

పెద్ద ఎక్స్‌తో లాగిన్ అయితే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అవతలి ప్రోగ్రాంలను నమ్మదగనివిగా పరిగణించి, 20 నిమిషాల తరువాత వచ్చే కొత్త ఎక్స్ కనెక్షన్లను తిరస్కరిస్తుంది. అప్పటికే తెరిచి ఉన్న విండోలు పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి కారణం తట్టదు. క్లిప్‌బోర్డు పనిచేయకపోవడం, 'బ్యాడ్‌యాక్సెస్' అని ప్రోగ్రాం కూలిపోవడం కూడా ఈ నమ్మకం లేని పద్ధతి వల్లే జరుగుతుంటాయి. డెబియన్, ఉబుంటుల్లో పెద్ద ఎక్స్ కూడా మామూలుగా నమ్మకమైన పద్ధతిలోనే నడుస్తుంది కాబట్టి ఈ ఇబ్బంది మ్యాక్ వాడేవారికి ఎక్కువ. పెద్ద వై ఇచ్చి లాగిన్ అయితే తీరుతుంది. అయితే అవతలి యంత్రంలో రూట్ అధికారం ఉన్నవారు మీ తెరను, మీటలను చూడగలిగే స్థితి దానితో వస్తుంది. మీ ల్యాబ్ సర్వర్‌కు వాడండి, ఎవరిదో తెలియని యంత్రానికి వాడకండి.

టీమక్స్ (లాగిన్ తెగినా టెర్మినల్ పనిని నిలిపి ఉంచే ప్రోగ్రాం) లోపల మాత్రమే విండో రాకపోతే, అందులోని పాత పేన్‌లో (టెర్మినల్ గడి) నిన్నటి డిస్‌ప్లే విలువే మిగిలి ఉంది; కొత్త పేన్ తెరవండి.

లక్షణం: విండో వస్తుంది, కానీ నత్తనడకన

మెనూ మీద నొక్కిన రెండు మూడు సెకన్లకు అది తెరుచుకుంటుంటే, ఎక్కువ ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారడం వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. ఎక్స్ పద్ధతిలో ఒక్క మెనూకే అటూ ఇటూ ఎన్నో ప్రశ్నలు, జవాబులు నడుస్తాయి. ఒక్కో జవాబుకు పట్టే సమయం, అంటే పింగ్‌లో కనిపించే మిల్లీసెకన్లు, వాటన్నిటితో గుణించబడుతుంది. లేఅవుట్ ఎడిటర్ లాంటి భారీ ప్రోగ్రాంలలో ఇది భరించరానిదిగా మారుతుంది. పెద్ద సీతో కుదింపు జోడిస్తే నెమ్మదైన మొబైల్ హాట్‌స్పాట్ మీద కొంత మేలు కనిపిస్తుంది, మంచి ఫైబర్ లైన్ మీద కనిపించదు. త్రీడీ చిత్రాలు చూపే ప్రోగ్రాంలయితే జీఎల్‌ఎక్స్ (ఎక్స్‌లో త్రీడీ చిత్రాలు గీయించే భాగం) సందేశాలతో అసలు తెరుచుకోకపోవచ్చు, ఎక్స్ఆర్గ్ అనే ఎక్స్ సర్వర్ 1.17 వెర్షన్ నుంచి ఈ రకమైన పరోక్ష గ్రాఫిక్స్‌ను ముందస్తుగా ఆపి ఉంచారు.

ఇలాంటి పనులకు ఎక్స్11 ఫార్వర్డింగ్‌తో పట్టుదలకు పోకుండా పద్ధతి మార్చడమే మేలని నా అభిప్రాయం. ఫార్వర్డింగ్‌లో కరెంటు పోయి రౌటర్ ఆగి కనెక్షన్ తెగిందంటే ప్రోగ్రాం కూడా అక్కడికక్కడే ముగిసి, సేవ్ చేయని పని పోతుంది. గంటల తరబడి నడిచే సిమ్యులేషన్‌ను విండో లేకుండా బ్యాచ్ పద్ధతిలో టీమక్స్‌లో నడిపి, ఫలితం చూడడానికి మాత్రమే విండో తెరవండి. విండోలోనే ఎక్కువసేపు పని ఉంటే ఎక్స్‌ప్రా గానీ వీఎన్‌సీ గానీ వాడండి; వీటిలో ప్రోగ్రాం సర్వర్ మీదే బతికి ఉంటుంది, లైన్ తిరిగి వచ్చాక వదిలిన చోటి నుంచే అందుకోవచ్చు. వీఎన్‌సీలో మొదటి తెర పోర్టు 5901. వీఎన్‌సీ సర్వర్‌ను లోకల్‌హోస్ట్‌కు మాత్రమే పరిమితం చేసి, 'ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ పెద్ద ఎల్ 5901:లోకల్‌హోస్ట్:5901' అనే సొరంగం ద్వారా అందుకోండి. కాలేజీ ఫైర్‌వాల్‌లో ఆ పోర్టును తెరవమని అడ్మిన్‌ను అడగవలసిన పని లేదు.