సైన్స్ ఫిక్షన్ నవలలో యుద్ధం రాయాలంటే: ముందు తగవు, ఆ తర్వాతే తుపాకి

చాలామంది లేజర్ తుపాకీతో మొదలెడతారు. మీరు తగవుతో మొదలెట్టండి. మనకి బొబ్బిలి యుద్ధం ఉండనే ఉంది. 1757 జనవరి 24న కోటని కూల్చినవి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులే. కానీ వాటిని అక్కడిదాకా రప్పించింది విజయనగరం, బొబ్బిలి సంస్థానాల పాత పగ. మీ కథకీ ఇదే ముగ్గురు చాలు: ఇరుగు, పొరుగు, పెద్ద ఆయుధమున్న మూడోవాడు. ఆ మూడోవాడికి ఏం కావాలో ఒక్క వాక్యంలో తేల్చుకున్నాకే రెండో అధ్యాయం మొదలెట్టండి.

తర్వాత దూరం. ఎక్కువ నవలలు బోల్తాపడేది ఇక్కడే. భూమి నుంచి అంగారకుడికి కబురు అందడానికి, గ్రహాలున్న చోటుని బట్టి, 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. జవాబుకి మళ్లీ అంతసేపు. విజయనగరంలో కూర్చున్న సేనాని "కాల్చండి" అన్న మాట చేరేసరికి అక్కడ పోరు ముగిసిపోయి ఉండొచ్చు. అందుకే నోటుపుస్తకంలో ప్రతి సంఘటనకీ రెండు గడులు గీయండి: జరిగిన వేళ, పాత్రకి తెలిసిన వేళ. రెండో గడి ఖాళీగా వదిలేస్తే, సేనాని తనకింకా తెలియని ఓటమికి ఏడుస్తాడు.

నక్షత్రాల మధ్య యుద్ధమైతే కాలం కూడా సాగుతుంది. కాంతి వేగంలో 99 శాతంతో పోయే ఓడలో ఏడాది గడిస్తే ఇంటి దగ్గర ఏడేళ్లు. 25 ఏళ్ల కుర్రాడు ఓడలో రెండేళ్లు గడిపి ఆమదాలవలసలో దిగితే, 20 ఏళ్లప్పుడు వదిలివెళ్లిన చెల్లి 34 ఏళ్ల మనిషై ఎదురొస్తుంది. "ఏటన్నయ్యా, అలాగే ఉన్నావు?" అనిపించి ఊరుకోండి. లెక్క పాఠకుడే వేసుకుంటాడు.

ఇక పోరు. శూన్యంలో శబ్దం ఉండదు, లేజర్ కిరణం పక్కనుంచి కనబడదు. ఓడకి తగిలిన దెబ్బ మాత్రం లోపలివాళ్ల అరికాళ్లకి తెలుస్తుంది. మందుగుండు కూడా అక్కర్లేదు: సెకనుకి 10 కిలోమీటర్ల వేగంతో వచ్చే కిలో ఇనపముక్కలో సుమారు 12 కిలోల టీఎన్‌టీ (పేలుడు పదార్థం) అంత శక్తి ఉంటుంది. అసలు తలనొప్పి వేడి. చుట్టూ గాలి లేదు కాబట్టి అది వికిరణంగానే, అంటే కిరణాల రూపంలోనే పోవాలి, దానికి పెద్ద రేడియేటర్ రెక్కలు కావాలి. ముడిస్తే లోపలివాళ్లు ఉడుకుతారు, విప్పితే శత్రువుకి గురి దొరుకుతుంది. సీను ఈ ఇరకాటంలో పెట్టండి. ఇంజను మండుతుండగా ఓడ చీకట్లో నక్కిందంటే ఎవరూ నమ్మరు.

సంభాషణల్లో అందరిచేతా పుస్తక భాష పలికించకండి. పలాస కుర్రాడు పై అధికారిని "సార్" అంటాడు, పక్కవాణ్ణి మాత్రం "ఏట్రా, ఏటైంది?" అనే అడుగుతాడు.