ఒకే ఇంటి చుట్టూ ఐదారు నిధులు: ఊళ్లో కష్టమైన కుటుంబాలకు ప్లాన్ వేసే పద్ధతి

ప్రతి ఊళ్లోనూ అలాంటి ఇల్లు ఒకటో రెండో ఉంటాయి. ఇంటాయన చనిపోయాడు, కొడుక్కి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండని స్థితి), అత్తగారికి చూపు ఆనదు, తమ్ముణ్ని చూసుకోవడానికి పెద్దపిల్ల బడి మానేసింది. వాళ్ల కోసం ప్రభుత్వంలో డబ్బు లేదా అంటే ఉంది, ఆరేడు చోట్ల ఉంది. కానీ పింఛను చూసేవాళ్లకు పిల్ల బడి మానేసిన సంగతి తెలీదు, బడి వాళ్లకు పింఛను రావట్లేదని తెలీదు, ఏఎన్ఎంకి రెండూ తెలుసు గానీ ఆమె చేతిలో పైసా లేదు. ఈ ముక్కలన్నీ ఒకచోటికి తేవడం గురించి మా వీవోలో, అంటే ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘంలో పనిచేస్తూ నేర్చుకున్నంత రాస్తున్నాను. ఇది ఆంధ్రాలో పద్ధతి, తెలంగాణలో పేర్లూ మొత్తాలూ కొన్ని వేరుగా ఉంటాయి.

ముందే ఒక మాట చెప్పాలి. అన్ని నిధులూ ఒక ఖాతాలో వేసి ఖర్చు పెడదామంటే కుదరదు, ఏ డబ్బు పద్దు దానిదే. 2021-26కి పంచాయతీలకు ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటునే చూడండి, అందులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ కట్టేశారు, మిగతా 40 శాతం పంచాయతీ అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు కానీ జీతాలకు పెట్టకూడదు. ఒకరి ఇంటి గోడ లోపల పంచాయతీ డబ్బుతో పని చేయిస్తే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. అందుకే మనం కలపాల్సింది డబ్బును కాదు, ప్లాన్‌ని. కుటుంబానికి ఒకే కాగితం, దాని మీద ఏ పని ఏ నిధి నుంచి, ఎవరి బాధ్యత, ఎప్పటికి అనేది రాసి ఉండాలి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. కేరళలో 2021లో మొదలైన అతి పేదరిక నిర్మూలన కార్యక్రమంలో 64,006 కుటుంబాలను గుర్తించి ఒక్కో కుటుంబానికీ విడిగా ప్లాన్ రాశారు. తిండి, ఆరోగ్యం, ఆదాయం, ఇల్లు, ఈ నాలుగింటిలో ఎవరికి ఏది లేదో చూశారు. రేషన్ కార్డు, ఆధార్ లాంటివి లేనివాళ్లకు ముందు అవే ఇప్పించారు. మన దగ్గర అంత పెద్ద ఎత్తున మొదలుపెట్టనక్కర్లేదు. మొదటి ఏడాది మూడు కుటుంబాలు చాలు. ముప్పై రాస్తే జాబితా మిగులుతుంది తప్ప పని జరగదు.

కుటుంబాన్ని ఎంచుకున్నాక గ్రామ సచివాలయంలో కూర్చుని ఫారం నింపకండి, వాళ్లింటికి వెళ్లండి. ఒక పూట ఖాళీ పెట్టుకుని వెళ్లి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఎవరు ఏం చేస్తారో అడగండి. మేం వెళ్లిన ఇంట్లో ఆ తల్లి బియ్యం డబ్బా వెనక నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు గుమ్మరించింది. పాత ఆసుపత్రి చీటీలు, చిరిగిన బ్యాంకు పుస్తకం, ఆయన మరణ ధ్రువపత్రం జిరాక్సు. పిల్లాడి ఆధార్ మాత్రం లేదు. "రెండుసార్లు తీసుకెళ్లానక్కా, వేళ్లు పడట్లేదని పంపేశారు" అంది. వాడి రెండు పిడికిళ్లూ బిగుసుకుపోయి ఉన్నాయి, బలవంతంగా తెరిస్తే ఏడుస్తాడు. వేలిముద్రలు ఇవ్వలేని వాళ్లకు మినహాయింపు కింద ఆధార్ తీసే వీలు ఉంది, అది ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. పదేళ్ల పిల్లాడికి ఒక్క రూపాయి రాకపోవడానికి కారణం అదొక్కటే, ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి మొదటి నెల అంతా కాగితాలకే కేటాయించండి. ఆధార్ రాగానే సచివాలయంలో సదరం స్లాట్, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చే వైద్య పరీక్షకు తేదీ, బుక్ చేయించాలి. వైకల్యం కనీసం 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే చాలా తలుపులు తెరుచుకుంటాయి. ఎన్టీఆర్ భరోసా కింద 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైన వాళ్లకు 15,000. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మానసిక వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది, అందులో థెరపీ ఖర్చు కూడా వస్తుంది, దీని గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ. ఇళ్ల కేటాయింపులోనూ పేదరిక నిర్మూలన పథకాల్లోనూ దివ్యాంగులకు 5 శాతం కేటాయించాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది, గ్రామసభలో అడగడానికి ఇది పనికొస్తుంది.

తర్వాత అందర్నీ ఒకసారి కూర్చోబెట్టాలి. పంచాయతీ కార్యదర్శి, వెల్ఫేర్ అసిస్టెంట్, ఏఎన్ఎం, అంగన్వాడీ టీచర్, బడి హెచ్ఎం, ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్, వీవో నుంచి ఇద్దరు. గంట చాలు. కాగితం మధ్యలో పెట్టి ఒక్కో అవసరం చదివి "ఇది ఎవరి దగ్గర ఉంది" అని అడగండి. ఇంటి నుంచి రోడ్డు దాకా ఉన్న దారి పంచాయతీది, చక్రాల కుర్చీ పోయేలా అది వాళ్లు వేయగలరు. మరుగుదొడ్డికి స్వచ్ఛ భారత్ కింద 12,000 వస్తుంది. పిల్లాడికి మండలంలోని భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే కేంద్రంలో, ఫిజియోథెరపీ, చదువు. మీది క్వారీలున్న ప్రాంతమైతే గనుల వాళ్లు కట్టే డబ్బుతో నడిచే జిల్లా ఖనిజ నిధి గురించి కూడా అడగండి, వృద్ధుల, దివ్యాంగుల సంక్షేమం దాని ప్రాధాన్య రంగాల్లో ఒకటి.

పంచాయతీ డబ్బు కావాలంటే ఆ పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కి తీరాలి. వచ్చే ఏడాది ప్లాన్ కోసం ప్రచారం అక్టోబరు 2న మొదలవుతుంది. పొదుపు సంఘాలు తయారుచేసే గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక అందులో కలుస్తుంది కాబట్టి మహిళలు సెప్టెంబరులోనే తమది సిద్ధం చేసుకోవాలి. ఆ సమయం దాటితే ఏడాది పోయినట్టే. గ్రామసభలో పని పేరు మాత్రమే చదివించండి, ఆ ఇంటి కష్టాలు మైకులో చెప్పొద్దు. వాళ్లు రేపు అదే వీధిలో నడవాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది వదులు డబ్బు, అంటే ఏ పద్దుకీ కట్టేయకుండా అవసరాన్ని బట్టి వాడుకోగలిగేది. మా దగ్గర అన్నీ కుదిరాక కూడా పని ఆగిపోయింది. భవిత కేంద్రం తొమ్మిది కిలోమీటర్లు, పిల్లాణ్ని బస్సెక్కించలేం. రవాణా భత్యం ఉంది గానీ అది చేతికి రావడానికి నెలలు పడుతుంది. వాడు వెళ్లకపోతే అక్క బడికి పోలేదు, తల్లి పనికి పోలేదు. అంటే ఇన్ని పథకాలూ ఒక్క ఆటో దగ్గర ఆగాయి. వీవోకి వచ్చే వీఆర్ఎఫ్, అదే బలహీన కుటుంబాల కోసం ఇచ్చే నిధి, ఇలాంటి చోట వాడాలి. మేం దాంట్లోంచి నాలుగు నెలల ఆటో కిరాయి కట్టాం, తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించాం. పథకం ఇవ్వలేని చిన్న ఖర్చులకే ఆ డబ్బు దాచుకోండి, పథకంలో దొరికేవాటికి ఖర్చు చేయకండి.

చివరగా, కాగితం మీద ప్రతి గడి ఎదురుగా ఒక మనిషి పేరు ఉండాలి, శాఖ పేరు కాదు. నెలకోసారి, వీవో సమావేశం రోజునే, ఆ గడులు చదవండి. ఇప్పుడు పిల్ల తొమ్మిదో తరగతిలో ఉంది, పిల్లాడు వారానికి మూడు రోజులు భవితకు వెళ్తున్నాడు. అత్తగారి కంటి ఆపరేషన్‌కి తేదీ ఇంకా రాలేదు, ఆ గడి ఎదురుగా నా పేరే ఉంది.