కారు మరమ్మతు స్వయంబోధిని – నాలుగవ పాఠం: ఎక్సలేటర్ తొక్కినా పికప్ అందకపోతే

గత పాఠంలో స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ (ఇంజిన్ కంప్యూటర్‌లోని సమాచారాన్ని బయటికి చదివే) సాకెట్‌కు చిన్న స్కానర్‌ను తగిలించి, ఇంజిన్ రీడింగులను ఫోనులో చూడడం నేర్చుకున్నాము. ఇప్పుడు ఆ రీడింగుల సాయంతో ఒకే ఒక్క లోపాన్ని మొదటి నుండి చివరి వరకు వెతుకుదాము: ఎక్సలేటర్ తొక్కితే బండి వెంటనే అందుకోదు, క్షణం తడబడి ఆ తరువాత లాగుతుంది. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారిపై మిర్యాలగూడ వైపు వెళ్తూ ధాన్యం లారీని దాటబోయే వేళ ఆ క్షణమే ప్రాణాల మీదికి తెస్తుంది కనుక, బండి పాతబడిందిలే అని దీనిని వదిలివేయకూడదు. ఈ పాఠం టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) లేని పెట్రోలు కార్లకు మాత్రమే వర్తిస్తుంది.

ముందుగా, ఉన్నది లోపమేనా అని తేల్చుకోవాలి. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 44 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 6 శాతం తక్కువగా ఉంటుంది. దానికి ఏసీ భారం తోడైతే మే నెల మధ్యాహ్నం నల్లగొండలో ఏ చిన్న కారైనా కొంత మందగిస్తుంది. ఉదయం చల్లని వేళ ఏసీ ఆపి నడిపినప్పుడు కూడా తడబాటు ఉంటేనే బోనెట్ ఎత్తండి. అలాగే ఖాళీ రోడ్డుపై నాలుగవ గేరులో 40 వేగం వద్ద ఎక్సలేటర్‌ను గట్టిగా తొక్కి చూడండి. ఇంజిన్ తిరిగే వేగం ఎగబాకి బండి వేగం పెరగకపోతే జారుతున్నది క్లచ్. ఆ బండికి ఇక ఈ పాఠంతో పని లేదు.

స్కానర్‌లో మూడు రీడింగులనే ఎంచుకోండి: పెడల్ స్థానం, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే రెక్క) స్థానం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఆ గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల అమరిక) పీడనం. చవక స్కానర్లు రీడింగులను నెమ్మదిగా తెస్తాయి కాబట్టి, పది రీడింగులు ఒకేసారి తెరపై పెడితే స్కానర్ ఆలస్యాన్నే ఇంజిన్ ఆలస్యంగా పొరబడతారు. బండి నడిపేటప్పుడు ఫోను పక్క సీటులోని వ్యక్తి చేతిలోనే ఉండాలి. పెడల్ కదలగానే థ్రాటిల్ తెరుచుకోవాలి, థ్రాటిల్ తెరుచుకోగానే పీడనం పెరగాలి. ఈ వరుస ఎక్కడ తెగిందో పట్టుకోవడమే అసలు విద్య, ఎందుకంటే అది తెలియకుండా సెన్సార్లు మార్చడం డబ్బును నీళ్లలో పోయడమే.

పెడల్ రీడింగ్ గంతులు వేస్తే సెన్సార్‌ను, దాని కనెక్టర్‌ను అనుమానించండి. పూర్తిగా తొక్కినా పెడల్ చివరికంటా వెళ్లకపోతే ముందు కింది మ్యాట్ అడ్డుపడుతున్నదేమో చూడండి. పెడల్ సరిగానే ఉండి థ్రాటిల్ కొద్దిగా మాత్రమే తెరుచుకుంటే, ఇంజిన్ కంప్యూటర్ ముందుజాగ్రత్తగా శక్తిని తగ్గించే స్థితిలోకి వెళ్లి ఉండవచ్చు. అప్పుడు స్కానర్‌లో తరచుగా పీ2135 లేదా పీ2138 అనే లోపం కోడ్ (పెడల్ లేదా థ్రాటిల్ సెన్సార్ల రీడింగులు ఒకదానితో ఒకటి పొసగడం లేదని సూచించేది) కనిపిస్తుంది. థ్రాటిల్ రీడింగ్ సున్నా నుండి మొదలు కాకపోవడం మాత్రం లోపం కాదు.

పీడనం విషయంలో కొంత ఓపిక పట్టాలి. ఇంజిన్ ఆపి తాళం ఆన్ చేస్తే కనిపించేది బయటి వాతావరణ పీడనం. సముద్రమట్టంలో అది సుమారు 101 కిలోపాస్కళ్లు, నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎత్తుకు దాదాపు 95, 96. బండి నడుస్తూ థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు ఈ అంకెకు దగ్గరగా రావాలి. అది 85 దగ్గరే నిలిచిపోతే థ్రాటిల్‌కు ముందే గాలికి అడ్డు ఉంది. పత్తి, వరి కోతల కాలంలో మట్టిబాటల వెంట తిరిగే బండికి ఆ అడ్డు చాలాసార్లు ఎయిర్ ఫిల్టరే అవుతుంది. కొత్తది వేయండి, గాలి కొట్టి పాతదాన్నే తిరిగి బిగించడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఆ ఒత్తిడికి కాగితపు పొర చిరిగితే దుమ్ము నేరుగా సిలిండర్లకే చేరుతుంది.

మూడూ సరిగా ఉన్నా బండి లాగకపోతే స్కానర్‌లో ఇంధన సవరణ శాతాన్ని (గాలికి తగినట్టు పెట్రోలును కంప్యూటర్ ఎంత పెంచుతున్నదో, తగ్గిస్తున్నదో తెలిపే అంకెను) చూడండి. దీర్ఘకాలిక సవరణ ఐడిల్‌లో (ఎక్సలేటర్ తొక్కకుండా ఇంజిన్ నడిచేటప్పుడు) 10 శాతం దాటి, ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ తగ్గితే, థ్రాటిల్ తరువాత ఎక్కడో గొట్టం పగిలి దొంగగాలి చేరుతున్నది. రబ్బరు గొట్టాల మీద సన్నగా నీళ్లు చిమ్మితే పగులు ఉన్నచోట ఇంజిన్ శబ్దం మారుతుంది. వేడి ఇంజిన్‌పై మండే స్ప్రేలను ఎన్నడూ వాడకండి. దానికి భిన్నంగా, భారం పెరిగే కొద్దీ సవరణ కూడా పెరుగుతుంటే పెట్రోలు పంపు పీడనాన్ని, ఎయిర్ ఫ్లో సెన్సార్ (లోపలికి వచ్చే గాలిని కొలిచేది) ఉన్న బండిలో దాని మురికిని పరీక్షించాలి.

తొలి తొక్కులోనే తడబాటు ఉండి, ఆ తరువాత బండి చక్కగా సాగితే, థ్రాటిల్ రెక్క అంచున పేరుకున్న మసిని అనుమానించవచ్చు. తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పిన తరువాతే శుభ్రం చేయండి. కరెంటు ఉండగా మోటారు రెక్కను మూస్తే వేలు నలుగుతుంది. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను నేరుగా లోపలికి చిమ్మకుండా మెత్తని గుడ్డపై వేసి తుడవండి, రెక్కను బలవంతంగా తిప్పకండి. తిరిగి బిగించాక ఐడిల్ కొంతసేపు ఎక్కువగా ఉండవచ్చు, ఎందుకంటే మసిని లెక్కలో పెట్టుకొని కంప్యూటర్ నేర్చుకున్న పాత కొలత ఇప్పుడు చెల్లదు. కొన్ని బండ్లు తమంతట తామే మళ్లీ నేర్చుకుంటాయి, కొన్నింటికి స్కానర్‌తో నేర్పించాలి. ఆ పద్ధతిని మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో చూసి చేయండి.

వచ్చే పాఠానికి ముందు మీ బండిలో ఐడిల్‌లోను, పూర్తి థ్రాటిల్‌లోను ఈ మూడు రీడింగులను నోటుపుస్తకంలో రాసుకోండి. టర్బో డీజిల్ బండ్లలో బూస్ట్ గొట్టాల (టర్బో ఒత్తిన గాలిని ఇంజిన్‌కు చేర్చే గొట్టాల) పరీక్షను అక్కడ మొదలు పెడదాము.