నలభై నిమిషాల వెలుతురు: ఒకే గదిలో ఫొటోలు తీయడం ఎలా

బాబు పుట్టాక మొదటి ఏడాదంతా నేను దాదాపు ఒకే గదిలో గడిపాను. మధ్యాహ్నం వాడు నిద్రపోతే నలభై నిమిషాలు దొరికేవి. బయటికి వెళ్లలేను, లైటు వేయలేను, కుర్చీ జరిపితే చప్పుడు. అంతకుముందు ఫొటో అంటే నాకు కొండలు, సముద్రం, ప్రయాణాలు. కానీ ఫొటో తీయడం నిజంగా వచ్చింది ఆ గదిలోనే. అక్కడ నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను. ఫోన్ ఉంటే చాలు.

ముందు ఒక మూల ఎంచుకోండి. ఇల్లంతా వద్దు. ఒక కిటికీ, దాని ఎదురుగా ఆరడుగుల మేర, అంతే. మొదటి వారం ఫొటో తీయకండి, రాసుకోండి. ఎండ ఎన్నింటికి లోపలికి వస్తోంది, ముందు దేని మీద పడుతోంది, ఎప్పుడు వెళ్లిపోతోంది. నా నోట్‌బుక్‌లో ఒక రోజు ఇలా ఉంది: "2:10 మంచం కోడు. 2:25 దిండు అంచు. 2:40 గోడ మీద గ్లాసు నీడ, బాగా పొడవు. 2:50 ఏమీ లేదు." సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు కాబట్టి, గోడ మీది ఎండచారను కదలకుండా చూస్తూ కూర్చుంటే అది జరగడం కంటికే తెలుస్తుంది. ఈ పట్టిక లేనంతకాలం నేను అందమైన వస్తువుల కోసం వెతికేదాన్ని. పట్టిక చేతికొచ్చాక వెతకడం మానేశాను. 2:25కి దిండు దగ్గర ఉంటే చాలు.

నేరుగా ఎండ రాని కిటికీ అయితే నిరాశపడకండి. ఆ మెత్తటి వెలుతురు చాలాసేపు నిలకడగా ఉంటుంది. గుండ్రటి వస్తువులకు అదే మేలు.

ఒకే చోట ఏముంటుందని విసుగొచ్చినప్పుడు నేను యోసెఫ్ సుదెక్‌ను తలుచుకునేదాన్ని. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్న ఫొటోగ్రాఫర్ ఆయన. 1940 నుంచి 1954 దాకా ప్రాగ్‌లోని తన స్టూడియో కిటికీని తీస్తూనే ఉన్నారు. అద్దం మీద ఆవిరి, మంచు, నీటి చుక్కలు, వాటి వెనక మసకగా ఒక చెట్టు. పద్నాలుగేళ్లు! నా కిటికీకి ఇంకా ఏడాది కూడా నిండలేదు కదా అని ధైర్యం వచ్చేది.

తీసేటప్పుడు గదిలో లైట్లన్నీ ఆపేయండి. బల్బు పసుపు, కిటికీ నీలం కలిస్తే రంగులు మురికిగా వస్తాయి, తర్వాత ఎంత దిద్దినా సరిపడవు. ఛార్జర్ వైర్లు, మందు సీసాలు ఫ్రేములోంచి తీసేయండి. అయితే పక్క దులపకండి. దిండు మీద తల పెట్టిన గుంట, దుప్పటి ముడత, సగం తాగిన నీళ్ల గ్లాసు అలాగే ఉండాలి. మనిషి కనిపించకుండానే మనిషి ఉన్నాడని చెప్పేవి అవే. సర్దేసిన గది ఫొటోలు నేను చాలా తీశాను, ఒక్కటీ మిగల్లేదు.

ఇక ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి ఎంత వెలుతురు రానివ్వాలన్నది. చాలామంది తడబడేది ఇక్కడే. కెమెరా ఏ దృశ్యాన్నైనా మధ్యస్థమైన బూడిదరంగు వైపు లాగాలని చూస్తుంది. అందుకే చీకటి మూల తెల్లబారుతుంది, తెల్లటి దుప్పటి మురికిగా కనిపిస్తుంది. ఫోన్ తెర మీద వెలుతురు పడిన చోట వేలు పెట్టి, వెలుగు తగ్గించే గీతను కిందికి జరపండి. నీడలు నల్లగా అయినా భయపడకండి. తెల్లటి దుప్పటే ఫ్రేమంతా ఉంటే దీనికి రివర్స్, కాస్త పైకి జరపాలి.

నీడ వైపు మరీ గాఢంగా ఉంటే అటు ఒక తెల్ల కాగితం నిలబెట్టండి. కిటికీ వెలుతురే దానికి తగిలి వెనక్కి వస్తుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930 ఆగస్టులో నాలుగు రోజుల పాటు మిరపజాతి కాయలతో కనీసం 30 నెగటివ్‌లు తీశారు. చివరికి కాయను ఒక రేకు గరాటు లోపల పెట్టారు. గరాటు గోడల నుంచి తిరిగొచ్చిన వెలుతురు కాయ ఒంపులన్నిటినీ చుట్టేసింది. అది పేరున్న ఫొటో అయింది. నేను కూడా ఒక వంటగిన్నెతో ప్రయత్నించాను, బాగా పనిచేస్తుంది.

ఫ్రేము కుదిరిందో లేదో తేలకపోతే ఫొటోను తలకిందులు చేసి చూడండి. వెస్టన్ వాడినటువంటి పెద్ద కెమెరాల్లో వెనకుండే గాజు పలక మీద బొమ్మ తలకిందులుగానే పడుతుంది. అలా చూసినప్పుడు అది దిండు అన్న సంగతి మరిచిపోతాం, తెలుపూ నలుపూ ఎక్కడ బరువుగా ఉన్నాయో అదే కనబడుతుంది.

అయినా ఏం తీయాలో తోచని రోజులు వస్తాయి. అలాంటప్పుడు నాకు అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇమోజెన్ కన్నింగ్‌హామ్ దారి చూపారు. 1920ల్లో ముగ్గురు చిన్న కొడుకులను పెంచుతూ, ఇల్లు కదలడం కష్టమైన రోజుల్లో పెరటి మొక్కలనే తీశారావిడ. 1925 నాటి మాగ్నోలియా పువ్వు ఆ కాలానిదే. 1957లో, డెబ్బై దాటాక, సర్దని పక్కను తీశారు. నలిగిన దుప్పట్లు, వాటి మీద కొన్ని జడపిన్నులు. మరో ఫొటోగ్రాఫర్ డొరోతియా లాంగ్ తన విద్యార్థులకు ఇచ్చిన అభ్యాసం నుంచి పుట్టిన ఫొటో అది: ఇరవై నాలుగు గంటలకోసారి వాడే వస్తువును ఫొటో తీసుకురండి. మీరూ అదే చేయండి. దువ్వెన, తువ్వాలు, తాళంచెవి, ఏదైనా సరే. ఒకే వస్తువు, వరసగా ఏడు రోజులు, పట్టికలోని ఒకే సమయానికి. మూడో రోజుకి విసుగు తప్పదు, నాకైతే అసలైన ఫొటోలు అయిదో రోజు తర్వాతే వచ్చాయి.

తీసిన రోజే ఎంచుకోకండి. కష్టపడి తీసినదంతా ఆ రోజు బాగున్నట్టే ఉంటుంది. రెండు వారాలు ఆగి, పదింటిని చిన్న సైజులో ప్రింట్ తీయించి, రోజూ తెరిచే అలమర తలుపుకి అంటించండి. కంటికి అలవాటై కనిపించకుండా పోయినవాటిని తీసేస్తూ రండి.

ఒక్క జాగ్రత్త. సూర్యుడి దారి నెలనెలా మారుతుంది కాబట్టి పట్టిక పాతబడిపోతుంది, రెండు నెలలకోసారి మళ్లీ రాసుకోవాలి. ఇప్పుడు నా నోట్‌బుక్‌లో 2:25కి ఎదురుగా దిండు లేదు, తలుపు గొళ్లెం ఉంది.