పంచింగ్ బ్యాగ్ తెచ్చాక మొదలయ్యే తలనొప్పులు

మాది పర్లాకిమిడి. ఇక్కడా, ఏరు దాటితే పాతపట్నంలోనూ కుర్రాళ్ళు ఆన్‌లైన్లో బ్యాగ్ తెప్పించుకుని నెల తిరక్కుండా "ఇది పనికిరాట్లేదు, కొత్తది కొనాలా అన్నా" అని అడుగుతున్నారు. కొనక్కర్లేదు, చాలావరకు తేడా నింపడంలోనూ వేలాడదీయడంలోనే ఉంటాది.

పార్సిల్ విప్పితే ఖాళీ సంచి ఉంది: మోసం కాదు, అన్‌ఫిల్డ్ (లోపల నింపనిది) అని ఎక్కడో చిన్నగా రాసుంటాది, చూసుకోవాలి.

కింద రాయిలా ఉంది, పైన మెత్తగా ఉంది: ఇసక పోసేసుంటారు. నేనూ మొదటిసారి అదే చేశాను, మా మహేంద్రతనయ ఏటి ఇసక ఊరికే వస్తాది కదా అని. కొట్టేకొద్దీ ఇసక కిందికి జారి గట్టిపడిపోతాది, దాన్ని తంతే మోకాలి కింద ఎముక జివ్వుమంటాది. మొత్తం కుమ్మరించేసి టైలర్ షాపుల్లో మిగిలే గుడ్డ ముక్కలు, పాత చీరలు, లుంగీలు తెచ్చుకోండి, హుక్కులూ జిప్పులూ పీకేయాలి మర్చిపోవద్దు. జానెడు వేసి రోకలితో దంచి మళ్ళీ జానెడు వేసి దంచి అలా పైదాకా రావాలి, ఒకేసారి కుక్కితే మధ్యలో గుల్ల మిగిలిపోతాది. (మా అమ్మ రోకలి అడిగితే ఎందుకని అడిగింది, చెప్పాక ఇవ్వలేదు, దుడ్డుకర్రతో కానిచ్చాను.) కొన్నాళ్ళకి గుడ్డ కుంగుతాది, పైన ఇంకొంచెం కూరుకోండి.

కొడితే బ్యాగ్ ఊరంతా ఊగుతోంది: బరువు చాలట్లేదు. మన బరువులో సగం ఉండాలని ఒక లెక్క, 60 కిలోల మనిషికి 30 అన్నమాట. ఇసకని కిలో కిలోగా కవర్లలో పోసి టేపు చుట్టి బ్యాగ్ నడిమధ్యలో పెట్టండి, చుట్టూ గుడ్డే ఉండాలి, చేతికి తగలకూడదు. బరువు సరిపోయినా ఊగుతుంటే మీరు గుద్దట్లేదు, తోస్తున్నారు. గుద్ది వెంటనే చెయ్యి వెనక్కి లాగాలి.

స్లాబు పెచ్చులూడుతోంది: ఫ్యాన్ కొక్కేనికి కట్టేసుంటారు, ఇది మాత్రం ఈరోజే విప్పేయండి. ఆ కొక్కెం ఫ్యాన్ మోయడానికి వేసింది, గుద్దిన ప్రతిసారీ పడే గుంజుడికి కాదు. మేస్త్రీని పిలిచి కాంక్రీటు బీముకి యాంకర్ బోల్టు వేయించుకోవాలి. పెంకుటిల్లయితే దూలం చెద పట్టిందో లేదో ముందు తట్టి చూడండి. రేకుల షెడ్డయితే ఆ ఆలోచన మానేసి పెరట్లో వేపకొమ్మ చూసుకోండి, కొమ్మకి గోనె చుట్టి ఆపైన తాడు కట్టాలి.

మణికట్టు నొప్పి: గుద్దేటప్పుడు మణికట్టు మడత పడుతోంది. చూపుడువేలు, మధ్యవేలు మెటికలు తగలాలి, ముంజేయి తిన్నగా ఉండాలి, బొటనవేలు పిడికిలి బయట. గ్లోవ్స్ ఉన్నాయి కదా అని చేతికి గుడ్డపట్టీ (హ్యాండ్ ర్యాప్) చుట్టుకోవడం మానేస్తారు, అసలు మణికట్టుని పట్టుకునేది అదే. పెద్దవాళ్ళకి 180 అంగుళాలది, అంటే నాలుగున్నర మీటర్లది తీసుకోండి, 108 అంగుళాలది పిల్లలకి సరిపోతాది. వాపుంటే బ్యాగ్ జోలికెళ్ళకుండా డాక్టరుకి చూపించాల్సిందే, పసుపూ సున్నం పట్టు వేసి మర్నాడు మళ్ళీ గుద్దితే అది తగ్గేది కాదు.

గ్లోవ్స్ కంపు: చెమటతో అలాగే జిప్ బ్యాగులో పడేస్తున్నారు. నోళ్ళు తెరిచి ఫ్యాన్ కింద పెట్టి లోపల న్యూస్ పేపరు ఉండలు కుక్కండి, తడిస్తే మార్చండి. రోజంతా ఎండలో పెడితే పైతోలు పగిలిపోతాది. వానాకాలంలో రెండు రోజులకీ ఆరకపోతే ఆ రెండు రోజులూ తాడాట ఆడుకోండి.